ఊలు అల్లిక, 4వ పాఠం: వేళ్లు కప్పని రిబ్ గ్లవ్స్ (మొదటి భాగం)

కిందటి పాఠాల్లో సీదా, ఉల్టా కుట్లు విడివిడిగా వేశాం. పుస్తకాల్లో వీటినే నిట్, పర్ల్ అంటారు. ఈసారి రెండూ ఒకే వరుసలో వస్తాయి: రెండు సీదా, రెండు ఉల్టా, మళ్లీ రెండు సీదా. సీదా గీతలు ముందుకు పొంగి, ఉల్టా గీతలు వెనక్కి జరగడంతో అల్లిక మడతలు పడి దగ్గరికొస్తుంది. లాగితే సాగి, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. ఇదే రిబ్. గ్లవ్ జారకుండా చేతిని పట్టుకుని ఉండేది ఈ సాగుడు వల్లే. కాబట్టి ఎక్కడా దాన్ని చంపకుండా అల్లడమే ఇందులో అసలు పని.

డీకే (డబుల్ నిట్టింగ్, అంటే మధ్యరకం) మందం ఊలు 50 గ్రాముల ఉండలు రెండు తీసుకోండి, కొంత మిగులుతుంది. సూదులు 4 మి.మీ., అంటే పాత లెక్కలో 8 నంబరు. ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 10 నంబరు తెచ్చుకుంటే అది 3.25 మి.మీ., గ్లవ్ బిగుతై చేతికి ఎక్కదు. ఊలు కొనేటప్పుడు ఒక పోగు గుంజి వదలండి. వెనక్కి వచ్చేదే తీసుకోండి. అక్రిలిక్ అయినా ఫరవాలేదు కానీ, అల్లాక దానిమీద ఇస్త్రీ పెట్టొద్దు. వేడి తగిలితే రిబ్ చదునై వేలాడిపోతుంది, మళ్లీ ముడుచుకోదు.

సుమారు మీటరు పోగు వదిలి 42 కుట్లు ఎక్కించండి. 42 ఎందుకంటే 4తో భాగిస్తే 2 మిగలాలి. అప్పుడు వరుస రెండు చివర్లా రెండేసి సీదాలు వస్తాయి. వచ్చే పాఠంలో అంచులు కలిపి కుట్టేటప్పుడు అటొకటి, ఇటొకటి కుట్టులోకి పోయి, మిగిలిన రెండూ కలిసి ఒక రిబ్ గీత అవుతాయి. అతుకు కనబడదు. పెద్ద చేతికి 46 లేదా 50, పిల్లలకి 34.

కుట్లు ఎక్కించేటప్పుడు ఒకదానికొకటి ఆనించి పేర్చకండి. మధ్యలో కొంచెం సందు ఉంచండి. అంచు సాగేది ఆ సందులో ఉన్న పోగు వల్లే. లావు సూది వాడితే కుట్టు పొడుగవుతుంది తప్ప అంచు పెద్దగా వదులవదు.

1వ వరుస: 2 సీదా, 2 ఉల్టా, ఇలాగే సాగి చివర 2 సీదా.
2వ వరుస: 2 ఉల్టా, 2 సీదా, చివర 2 ఉల్టా.

ఈ రెండే మళ్లీ మళ్లీ. సీదా నుంచి ఉల్టాకి మారేటప్పుడు పోగును రెండు సూదుల మధ్యనుంచి ముందుకు తెచ్చుకోవాలి, ఉల్టా నుంచి సీదాకి వెళ్లేటప్పుడు వెనక్కి వేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పోగును సూది పైనుంచి తిప్పితే ఒక అదనపు ఉచ్చు పడుతుంది, వరుస చివర లెక్కిస్తే 43, 44 వస్తాయి, కింద చిల్లు మిగులుతుంది. అందుకే మొదటి పది వరుసలూ ప్రతిసారీ 42 లెక్కపెట్టుకోండి.

మధ్యలో లేచి వెళ్లి వచ్చి ఎక్కడున్నారో మర్చిపోతే సూది మీది కుట్టునే చూడండి. మెడ కింద నున్నగా, వీ ఆకారంలో ఉంటే సీదా వేయాలి, మెడ చుట్టూ పోగు ముడిలా అడ్డంగా ఉంటే ఉల్టా. ఈ చూపు అలవాటైతే నోటితో లెక్కపెట్టే పని తగ్గుతుంది. ఒక కుట్టు తప్పుపడితే వరుసంతా విప్పక్కర్లేదు. ఆ ఒక్క కుట్టునే తప్పు దాకా జారవిడిచి, క్రోషా సూదితో మెట్టుమెట్టుగా ఎక్కించండి. నరసాపురం లేసు అల్లే సన్నసూది దీనికి పనికిరాదు, ఊలు పోగును చీలుస్తుంది. 3.5 మి.మీ. ఉన్నది వాడండి.

గుంజకుండా నేలమీద పరిచి కొలిచి, 18 సెం.మీ. వచ్చేదాకా అల్లండి. ఈ ఊలుతో 50 వరుసల పైచిలుకే అవుతుంది. ఎన్ని వరుసలైతే అన్ని రాసిపెట్టుకోండి. రెండో ముక్కని టేపుతో కాదు, ఆ వరుసల లెక్కతోనే ఆపాలి. రిబ్ సాగుతుంది గనక టేపు ఒక్కోసారి ఒక్కో కొలత చెబుతుంది.

కుట్లు మూసేటప్పుడు సీదా మీద సీదాగా, ఉల్టా మీద ఉల్టాగా వేస్తూనే మూయండి. అన్నీ సీదాగా మూస్తే అంచు తాడులా బిగుసుకుని వేళ్ల దగ్గర కోస్తుంది. కుడిచేతిలోకి 4.5 మి.మీ. సూది తీసుకుంటే చెయ్యి బిగుతుగా ఉన్నవాళ్లకి సులువు. 40 సెం.మీ. పోగు వదిలి కత్తిరించండి, అతుక్కి అదే కావాలి.

కుడి, ఎడమ తేడా లేదు, రెండు ముక్కలూ ఒకటే. ఒక్కోదాన్ని నిలువుగా సగానికి మడిచి, కింది అంచు నుంచి 10 సెం.మీ. దగ్గర ఒక పిన్నీసు, 15 దగ్గర ఇంకొకటి పెట్టండి. మధ్యలో ఉన్నది బొటనవేలి దారి. చేతికి చుట్టి చూసుకుని, వేలు ఒరుసుకుంటే పిన్నీసు ఇప్పుడే జరుపుకోండి. వచ్చే పాఠంలో ఆ గుర్తుల దగ్గరే అతుకు మొదలుపెడదాం.