పాత వెండి ఫిల్లింగ్ తీయించి కాంపోజిట్ పెట్టించుకున్నాను

కింది దవడపన్నులో పాత వెండి ఫిల్లింగ్ అంచు విరిగి, తిన్నదల్లా అందులో ఇరుక్కునేది. విశాఖ ఎంవీపీ కాలనీలో చూపిస్తే కాంపోజిట్, అంటే పంటి రంగులో ఉండే రెజిన్ ఫిల్లింగ్, పెడదామన్నారు డాక్టరుగారు. పన్ను ఆరితే అసలు రంగుకన్నా తెల్లగా కనిపిస్తుందట, అందుకే ముందే కిటికీ వెలుతురులో నా పన్నుకి సరిపోయే రంగు షేడ్ చూశారు. ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ రాసి కడిగి, ఫిల్లింగ్ అతుక్కోవడానికి బాండింగ్ ద్రవం పూశారు. తర్వాత 2 మిల్లీమీటర్లు మించని పొరలుగా రెజిన్ పెడుతూ ఒక్కో పొరనీ నీలి కాంతితో గట్టిపరిచారు. మందంగా పెడితే కాంతి అడుగుదాకా సరిగా చేరదు. ఉమ్మి తగిలితే అతుకు నిలవదు కాబట్టి దూది మారుస్తూనే ఉన్నారు. ఈ ఓపిక ఉన్న డాక్టరునే వెతుక్కోండి.

ఇంటికొచ్చాక నమిలితే ఆ పన్నే ముందు తగిలి జివ్వుమంది. మళ్ళీ వెళ్తే నీలం కాగితం కొరికించి, మచ్చ పడ్డచోట కాస్త అరగదీశారు. ఎత్తుగా అనిపిస్తే అలవాటవుతుందిలే అని ఊరుకోకండి. ఇప్పుడు చేగోడీలు కూడా ఆ వైపే నములుతున్నాను.