వంగిన కత్తికి వేడినీళ్లు

ఏప్రిల్ ఎండలకు ఎల్బీనగర్‌లో మా పై అంతస్తు గది పెనంలా కాలుతుంది. షెల్ఫ్‌లోని వీడియో గేమ్ పాత్రల బొమ్మల చేతుల్లో కత్తులు మెల్లగా వాలిపోతాయి. అలాంటి బొమ్మను అమ్మకానికి పెడితే కొనేవాళ్ల కన్ను ముందు అక్కడే పడుతుంది, ఇక బేరం మొదలు.

ఈ బొమ్మలు చాలావరకు వేడికి మెత్తబడే పీవీసీ ప్లాస్టిక్‌వే, కాబట్టి కత్తిని నిటారు చేయడానికి రెండు కప్పులు చాలు. ఒకదాంట్లో మరిగిన నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు ఆగాలి. వంగిన భాగాన్ని మాత్రమే 30 సెకన్లు ముంచి తీసి, వేళ్లతో నిటారుగా పట్టుకుని, అలాగే ఐస్ నీళ్లలో ఒక నిమిషం ఉంచాలి. నేను మొదటిసారి ఐస్ నీళ్లు దేనికిలే అనుకున్నాను, సాయంత్రానికల్లా కత్తి మళ్లీ వంగింది. ఒక్కసారికి రాకపోతే ఇంకోసారి ముంచండి, బలంగా మాత్రం వంచొద్దు.

అమీబో (నింటెండో గేమ్ బొమ్మ) అయితే పీఠంలో ఎన్‌ఎఫ్‌సీ చిప్, అంటే గేమ్ మెషిన్‌కు దగ్గరగా పెడితే అది చదివే చిప్, ఉంటుంది, అటువైపు తడి తగలనివ్వకండి. రెజిన్ (గట్టిగా, పెళుసుగా ఉండే పదార్థం) బొమ్మలతో ఇది చేయొద్దు, విరిగిపోవచ్చు. సీల్ తీయని పెట్టె జోలికి అసలు పోవద్దు. కత్తి లేస్తుంది కానీ ధర పడిపోతుంది.