మునిగిన కోడిగుడ్డును ఉప్పుతో తేల్చడం ఎలా?

బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి అని పిల్లలు ఠక్కున చెబుతారు. కానీ గోదావరి వరదలో నలుగురు పట్టినా లేవని దుంగ తేలుతూ పోతుంది, గోలీకాయంత గులకరాయి మాత్రం అడుగుకు చేరుతుంది. ఈ చిక్కును విడదీయడానికి ఒక కోడిగుడ్డు, కాస్త ఉప్పు, లీటరు పట్టే వెడల్పు మూతి గాజు సీసా ఉంటే చాలు.

గుడ్డు తాజాదై ఉండాలి. పెంకుకున్న సన్నని రంధ్రాల గుండా తేమ ఆవిరైపోయి లోపలి గాలి గది పెరుగుతుంది కనుక, చాలా రోజులు నిల్వ ఉన్న గుడ్డు మంచినీళ్లలోనే పైకి లేచి ప్రయోగాన్ని చెడగొడుతుంది.

ముందుగా సీసాలో అర లీటరు మంచినీళ్లు పోసి, గుడ్డును గరిటెతో మెల్లగా దించండి. అది అడుగున పడుకుంటుంది. దాన్ని బయటకు తీసి, ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలిపి, మళ్లీ దించి చూడండి. గుడ్డు లోపల ఉండగా కలిపితే పగులుతుంది. ఇలా చెంచా తరువాత చెంచా వేస్తూ పోతే, తేలడానికి ముందే గుడ్డు వెడల్పు కొన పైకెత్తి నిలబడుతుంది, ఎందుకంటే గాలి గది ఉన్నది ఆ వైపే. మొత్తం 50 నుంచి 70 గ్రాముల ఉప్పు పడేసరికి పెంకు రూపాయి బిళ్లంత మేర నీటిపైకి వస్తుంది.

ఇందులోని కిటుకును క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే సిరక్యూజ్ నగరవాసి ఆర్కిమెడిస్ వివరించాడు: వస్తువు ఎంత ద్రవాన్ని పక్కకు నెడుతుందో, అంత ద్రవం బరువుకు సమానమైన బలం దాన్ని పైకి నెడుతుంది. మన గుడ్డు బరువు 54 గ్రాములు, అది ఆక్రమించే చోటు 50 మిల్లీలీటర్లు అనుకుందాం. అంత మంచినీరు 50 గ్రాములే తూగుతుంది కాబట్టి గుడ్డు మునుగుతుంది. అంతే ఉప్పునీరు 55 గ్రాములు తూగితే తేలుతుంది.

అసలు వినోదం ఇప్పుడే. తేలుతున్న గుడ్డును అలాగే ఉంచి, సీసా గోడకు చెంచా ఆనించి, దాని మీదుగా మంచినీళ్లను సన్నని ధారగా పోయండి. తొందరపడితే రెండు నీళ్లూ కలిసిపోతాయి. ఓపికగా పోస్తే గుడ్డు కింది ఉప్పునీటిలోకి మునగకుండా, పై మంచినీటిలోకి లేవకుండా, సీసా నడుమ వేలాడుతున్నట్టు నిలిచిపోతుంది.

వరి విత్తనాల్లోని తాలు గింజలను ఉప్పునీటిలో తేల్చి తీసేసే రైతులు, ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవడానికి గుడ్డునే వాడతారు. అడుగున మిగిలిన గట్టి గింజలను మాత్రం వెంటనే రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఆ ఉప్పే మొలకను దెబ్బతీస్తుంది.