కాగితం విక్రాంత్ మొదలుపెట్టే ముందు

కార్తీక పౌర్ణమి సెలవులకు బరంపురం, పర్లాకిమిడి పిల్లలతో పాత విక్రాంత్ (1961లో మన నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక) కాగితం నమూనా చేయించేవాళ్లు కత్తెర పట్టే ముందు ఇవి చూసుకోండి.

ముక్కల షీట్లు ప్రింట్ తీసేటప్పుడు జిరాక్స్ షాపులో "ఫిట్ టు పేజ్" (పేజీకి సరిపడేలా సైజు మార్చడం) తీయించి, 100 శాతం పెట్టించండి. అసలు ఓడ 213 మీటర్లు, 1:400లో, అంటే 400వ వంతు సైజులో, సుమారు 53 సెంటీమీటర్లు. ఒక్క షీటు 3 శాతం తగ్గినా దాని ముక్కలు మిగతావాటికి అతకవు, డబ్బంతా దండగ. మొదటి షీటు రాగానే దానిమీది స్కేలు గీతను (సైజు సరిచూసే గీత) అక్కడే కొలవండి.

లోపలి అస్థిపంజరానికి కిట్‌లో చెప్పిన మందం అట్టే వాడండి. 1 మి.మీ. గాడిలో 1.5 మి.మీ. బైండింగ్ అట్ట దూరదు; బలవంతం చేస్తే వెన్ను అట్ట వంగి ఓడ మొత్తం మెలితిరుగుతుంది.

ఇంక్‌జెట్ ప్రింటయితే ఒక రోజు ఆరనివ్వండి. సముద్రపు గాలికి సిరా త్వరగా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది.

ఫెవికాల్ అగ్గిపుల్లతో పల్చగా రాయండి. ఎక్కువైతే డెక్ ఉబ్బుతుంది.

మడత గీతలను కత్తిరించక ముందే మొద్దు మొనతో గీకండి.

ముక్కలన్నీ ఒకేసారి కోయొద్దు, నంబర్లు పోతాయి. ఫ్యానూ ఆపండి!

బోయిత బందాణకు (కార్తీక పౌర్ణమినాడు చిన్న పడవలు నీళ్లలో వదిలే ఒడిశా పండుగ) చెరువులో వదలాలంటే మాత్రం అరటి దొప్పే నయం.