రోహిణి కార్తెలో వేడి ఆవిర్లు: పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్లకు

మల్కాజిగిరిలో మాది చిన్న కర్రీ పాయింట్. పదకొండున్నరకల్లా పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది, షట్టర్ లోపల రెండు పొయ్యిలు మండుతుంటాయి. పైగా నాకిప్పుడు ముట్లుడిగే వయసు. కాబట్టి ఏసీలో కూర్చోండి, రెస్ట్ తీసుకోండి లాంటి సలహాలు ఇక్కడ దొరకవు. పని మానకుండా ఏం చేయొచ్చో అదే రాస్తున్నాను.

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ అయినట్టు లెక్క. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే వచ్చేస్తుంది. ఆవిర్లు, అంటే ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టడం మాత్రం అంతకు ముందే మొదలై, తర్వాత కూడా కొన్నేళ్లు వేధిస్తాయి. ఈస్ట్రోజన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం అతిగా స్పందిస్తుంది. ఒళ్లు కాస్త వేడెక్కినా చాలు, ఏదో ముంచుకొచ్చినట్టు రక్తాన్ని చర్మంలోకి పంపి చెమట పట్టిస్తుంది. అందుకే మామూలు రోజుల్లో ఒకసారి వచ్చేది ఎండాకాలంలో ఇంకా ఎక్కువసార్లు రావచ్చు.

ఆయుర్వేదం డాక్టరమ్మ నాకు చెప్పిన మాట వేరే భాషలో ఉన్నా దారి దగ్గరదే. ఎండ, కారం, పులుపు, కోపం పిత్తాన్ని, అంటే ఒంట్లో వేడిని రేపుతాయి. ఈ వయసులో వాతం కూడా పెరుగుతుంది కాబట్టి ఒళ్లు ఎండిపోయినట్టు, నిద్ర తేలిపోయినట్టు ఉంటుంది. అంటే చలవ చేసేవి తినాలి, అలాగని నెయ్యి, నూనె మానేసి ఒళ్లు ఎండబెట్టుకోకూడదు. చాలామంది ఇక్కడే బార్లీ నీళ్ల మీద బతకడం మొదలుపెడతారు, రెండు వారాలకు మోకాళ్లు పట్టేశాయంటారు.

ముందు పని వేళలు మార్చండి. ఏ పొడి కొనేముందైనా ఇదే చేయాలి. నేను నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తాను. పప్పు ఉడకడం, చింతపండు పులుసు మరగడం, వేపుళ్లు అన్నీ తొమ్మిది లోపు అయిపోవాలి. ఆ తర్వాత పోపు, వేడి చేయడం మాత్రమే. మధ్యాహ్నం మూడింటికి షట్టర్ సగం దించి గంట పడుకుంటాను. పగటి నిద్ర వద్దనే ఆయుర్వేదం కూడా ఎండాకాలంలో మాత్రం ఒప్పుకుంటుంది, కాబట్టి మా అత్తమ్మ కూడా ఏమీ అనరు.

ఇక ఆవిరి వచ్చినప్పుడు. నాకు ముందు గుండెల దగ్గర చిన్న గుబులు, తర్వాత మెడ, చెవులు కాలిపోతాయి, కళ్లద్దాలకు ఆవిరి పట్టేస్తుంది, రవిక వీపంతా తడిసిపోతుంది. గిరాకీ నిలబడే ఉంటుంది. "ఏమైందాంటీ, బీపీయా?" అంటాడు రోజూ వచ్చే కుర్రాడు. "ఆవిర్లు నాన్నా, రెండు నిమిషాలు ఆగు" అంటాను. ఇప్పుడు వాడే పప్పు ప్యాకెట్ కట్టుకుంటాడు.

మొదట పొయ్యి తగ్గించి బాణలికి దూరంగా జరగండి, కళ్లు తిరిగితే కాగే నూనె దగ్గర ఉండకూడదు. ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పితే మన హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం వచ్చేవి మేడ మీది ట్యాంకులో కాగిన నీళ్లు. అందుకే తెల్లవారుజామునే ఒక బకెట్ పట్టి నీడలో పెట్టుకోవాలి. ఆ నీళ్లలో తువ్వాలు ముంచి మెడ వెనక వేసుకుని, మణికట్లు తడుపుకోండి. నాలుక గొట్టంలా చుట్టి దాని గుండా నెమ్మదిగా గాలి పీల్చి, నోరు మూసి ముక్కుతో వదలండి. ఇదే శీతలి ప్రాణాయామం. పది సార్లు చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లు, రోడ్డు దుమ్ములో ఉన్నవాళ్లు వద్దు. ఐసు గడ్డలు నేను వాడను. ఆవిరి దిగాక ఎలాగూ చలి వేస్తుంది, ఐసుతో అది రెట్టింపవుతుంది.

ఒక సంగతి మాత్రం జాగ్రత్త. ఆవిరి నిమిషాల్లో దిగిపోతుంది. ఒళ్లు కాలిపోతూ అలాగే ఉండి, వాంతులు, మాట తడబాటు ఉంటే అది వడదెబ్బ. తువ్వాలుతో సరిపెట్టకుండా నీళ్లు పోసి ఒళ్లు చల్లార్చుతూ 108కి ఫోన్ చేయండి.

తాగేవాటిలో నాకు బాగా పనిచేసింది ధనియాల నీళ్లు. ఒక వంతు ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, ఆరు వంతుల నీళ్లలో రాత్రి నానబెట్టాలి. మరిగించకూడదు. పొద్దున వడగట్టి కొద్దిగా పటికబెల్లం కలిపి తాగాలి, షుగర్ ఉన్నవాళ్లు ఉత్తవే తాగాలి. పగలంతా తాగడానికి రంజన్ (మట్టి కుండ) నీళ్లు. అందులో వట్టివేళ్లు శుభ్రంగా కడిగి, పలుచని గుడ్డలో మూట కట్టి వేస్తాను. రెండు రోజులకోసారి తీసి ఎండలో ఆరబెట్టి మళ్లీ వేయొచ్చు, వాసన పోయాక పారేయాలి. బేగంబజార్ మూలికల కొట్లలో దొరుకుతాయి. అక్కడే సుగంధిపాల వేర్లు కూడా అమ్ముతారు. సీసాల్లో దొరికే సుగంధిపాల షర్బత్‌లో పంచదారే ఎక్కువ.

మజ్జిగ దగ్గర చిన్న పేచీ ఉంది. పాత ఆయుర్వేద గ్రంథాలు ఎండాకాలంలో పెరుగు, మజ్జిగ వద్దంటాయి, పులుపు పిత్తాన్ని పెంచుతుందని. ఈ మాట మన తెలుగింట్లో ఎవరితో అన్నా కొట్టడానికి వస్తారు. నేను మధ్యేమార్గంలో ఉన్నాను. ఆ పూట తోడుకున్న పెరుగును బాగా చిలికి, నాలుగింతలు నీళ్లు పోసి, కరివేపాకు, కొత్తిమీర వేసి తాగుతాను. పచ్చిమిర్చి వేయను. నిన్నటి పుల్ల మజ్జిగ మాత్రం పులుసులోకే.

తిండిలో అసలు పరీక్ష మే నెల ఆవకాయ. కారం, ఆవపిండి, పైగా కొత్త జాడీ ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఉండగలమా? మధ్యాహ్నం ఒక్క ముద్దకు నెయ్యి వేసుకుని తినండి, రాత్రి ముట్టుకోకండి. రాత్రికి సొరకాయ, పొట్లకాయ, బీరకాయ, పెసరపప్పు, అదీ ఏడున్నర లోపు. ఇరానీ చాయ్ సాయంత్రం మానేస్తే రాత్రి చెమటలు తగ్గాయని నేను గమనించాను. ఒక వారం మీరూ చూసుకోండి, ఎవరికి ఏది పడదో వారికే తెలుస్తుంది. ముంజలు దొరికినన్నాళ్లు తినండి. పొద్దున రాగి అంబలి మంచిది, ఈ వయసులో ఎముకలకు కాల్షియం కావాలి. కాల్షియం బిళ్లలు కూడా వేసుకుంటుంటే, థైరాయిడ్ మాత్రకూ వాటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

రాత్రి పడుకునే ముందు అరికాళ్లకు కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు మర్దన చేయండి. నువ్వుల నూనె వేడి చేస్తుంది, అది చలికాలానికి ఉంచండి. మర్దనయ్యాక తప్పకుండా తుడవండి, గ్రానైట్ నేల మీద నూనె కాళ్లతో బాత్రూమ్‌కి పరిగెత్తితే తుంటి విరుగుతుంది. పలుచని నూలు నైటీ, పక్కన ఇంకొకటి మడతపెట్టి ఉంచుకోండి. పై అంతస్తులో ఉంటే మేడకు తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం దీనికోసం పాలసీ కూడా తెచ్చింది.

శతావరి సంగతి అందరూ అడుగుతారు. ఆడవాళ్లకు మంచిదని పేరుంది. ఆవిర్లు తగ్గిస్తుందనడానికి ఇంకా గట్టి ఆధారాలు తక్కువే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, గర్భాశయంలో గడ్డలున్నవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదు. అశ్వగంధ కూడా థైరాయిడ్, లివర్ సమస్యలుంటే అంతే. వాట్సాప్‌లో చూసి భస్మాలు తెప్పించుకోవడం అసలే వద్దు. ఆయుర్వేదమే కావాలనుకుంటే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, వేసుకునే ఇంగ్లీషు మందుల చీటీ కూడా పట్టుకెళ్లండి.

ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. ఆవిర్లతో పాటు బరువు తగ్గుతుంటే, గుండె దడగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. రాత్రి చెమటలతో జ్వరం, ఆగని దగ్గు ఉంటే టీబీ పరీక్ష కూడా. నిద్రే లేకుండా పోతుంటే హార్మోన్ చికిత్స గురించి అడగండి. ఆవిర్లకు అన్నిటికన్నా బాగా పనిచేసేది అదే. అందరికీ సరిపడదు కాబట్టి డాక్టరు చూసే ఇస్తారు.

మృగశిర వచ్చి వానలు పడ్డాక ఇదంతా కొంచెం మార్చాలి. గాలిలో తేమ పెరిగితే కూలర్ పనిచేయదు, చెమట ఆరక ఇంకా జిడ్డుగా ఉంటుంది. కూలర్‌లో నీళ్లు ఆపేసి, కిటికీలు తీసి ఫ్యాన్ పెట్టుకోండి. వానాకాలంలో అరుగుదల తగ్గుతుంది కాబట్టి రాత్రి నానబెట్టిన నీళ్లు మానేసి, ధనియాలు, జీలకర్ర వేసి మరిగించిన నీళ్లను గోరువెచ్చగా చల్లార్చుకుని తాగండి. వట్టివేళ్లు బాగా ఎండబెట్టి డబ్బాలో మూత పెట్టి దాచుకుంటే బూజు పట్టవు.