తెల్లారగట్ల బేస్‌బాల్ – మూడో పాఠం: నిండిన గడులు

పోయిన పాఠం అభ్యాసం మా బావ చెయ్యలేదు. "నాలుగున్నరకి ఎవుడు లెగుస్తాడ్రా?" అన్నాడు. నిజమే, అమెరికాలో వేసవి గడియారం నడిచే నెలల్లో న్యూయార్క్‌లో రాత్రి 7:05కి మొదలైన ఆట మా పర్లాకిమిడిలో తెల్లవారి 4:35కి పడుతుంది. నిద్ర వదులుకోలేని వాళ్లు లాస్ ఏంజెలెస్ జట్టును పట్టుకోండి. అక్కడి 7:10 మనకు ఉదయం 7:40, టీ తాగుతూ చూసుకోవచ్చు.

మా వీధిలో సిగ్నల్ ఒక గీత దాటదు. వీడియో చక్రంలా తిరుగుతూనే ఉంటుంది గానీ స్కోరు పెట్టె మాత్రం వస్తుంది. మనకు అది చాలు.

క్రికెట్ అలవాటు కొద్దీ కన్ను ముందు పరుగుల మీదికి పోతుంది. పోనివ్వకండి. పక్కనున్న చిన్న బొమ్మ చూడండి, ముగ్గులో గడుల్లా మూడుంటాయి. కుడిది ఒకటో బేసు, పైది రెండోది, ఎడమది మూడోది. రంగు నిండిందంటే అక్కడ రన్నర్ ఉన్నాడని. చుక్కలు అవుట్లు, మూడయితే బ్యాటింగ్ మారుతుంది. ఇన్నింగ్స్ అంకె దగ్గర బాణం పైకుంటే బయటి జట్టు ఆడుతోంది, కిందికుంటే సొంతూరి జట్టు.

ఇప్పుడు ఇది చదవండి. కింది బాణం, 9 (మామూలుగా ఇదే ఆఖరి ఇన్నింగ్స్). సొంతూరి జట్టు 3, బయటి జట్టు 4. మూడు గడులూ నిండాయి. రెండు చుక్కలు. కౌంట్ 3-2, అంటే ఈ బ్యాటర్‌కి ఇప్పటికి మూడు బాల్స్ (మన వైడ్ లాంటివి), రెండు స్ట్రైక్‌లు (కొట్టలేకపోయినవో, వదిలేసిన మంచి బంతులో).

ఇంకో బాల్ పడితే బ్యాటర్ ఊరికే ఒకటో బేసుకి నడుస్తాడు, మిగతావాళ్లు తలా ఒక బేసు జరుగుతారు, మూడో బేసువాడు ఇల్లు (హోమ్ బేసు) చేరితే పరుగు, స్కోరు సమం. మూడో స్ట్రైక్ పడితే బ్యాటర్ అవుట్, ఆట ఖతం. ఫౌల్ (గీతల బయటికి) కొడితే కౌంట్ కదలదు, మళ్లీ అదే గుండెదడ. పైగా పిచ్చర్ బంతి వేస్తుండగానే ముగ్గురు రన్నర్లూ పరుగందుకుంటారు. రెండు అవుట్లు, 3-2 కదా, ఆగి లాభం లేదు! అందుకే మామూలు సింగిల్‌కి కూడా ఇద్దరు ఇల్లు చేరి గెలిపించేయొచ్చు.

మేజర్ లీగ్ (అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగ్) వాళ్ల గేమ్‌డే అనే లైవ్ స్కోరు పేజీలో బ్యాట్‌కి బంతి తగలగానే ముందు "ఇన్ ప్లే, రన్స్" అనో "ఇన్ ప్లే, అవుట్స్" అనో పడుతుంది. ఎవరు కొట్టారు, ఎటు పోయింది అన్నది కొన్ని సెకన్ల తర్వాత. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టం ఆ కొన్ని సెకన్లే. ఓసారి "రన్స్" చూసి కేకేశాను, కళ్లాపి చల్లుతున్న నానమ్మ "ఏటైందిరా!" అని బకెట్ వదిలేసింది.

లీగ్ మ్యాచ్ తొమ్మిదిలో తేలక పదో ఇన్నింగ్స్‌కి వెళితే రెండో గడి మొదటే నిండి కనిపిస్తుంది. ఫోను తప్పు కాదు, 2020 నుంచి అక్కడ ఒక రన్నర్‌ని ఊరికే పెడుతున్నారు. ప్లేఆఫ్స్‌లో (లీగ్ తర్వాతి నాకౌట్ ఆటల్లో) ఆ దయ లేదు. 2025 వరల్డ్ సిరీస్ (ఫైనల్) మూడో ఆటలో ఏడు ఇన్నింగ్స్‌కి డాడ్జర్స్, బ్లూ జేస్ 5-5. ఆ తర్వాత స్కోరు పెట్టెలో రెండు జట్ల వరసల్లోనూ సున్నాలే సున్నాలు. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి గెలిపించేసరికి మనకు మధ్యాహ్నం పన్నెండు దాటింది.

అభ్యాసం: పై బాణం, 7. ఒకటి, మూడు గడులు నిండాయి. ఒక చుక్క. స్కోరు 2-2. "ఇన్ ప్లే, అవుట్స్" అని పడింది, బాణం కిందికి తిరిగింది, స్కోరు మారలేదు. ఏం జరిగింది? బావా, నువ్వు కూడా చెప్పాలి. జవాబు నాలుగో పాఠంలో.