కలుద్దాం అంటే ఏ రోజో చెప్పండి

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఈ ఆగస్టులో డాలస్ చుట్టుపక్కల దిగుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాస్తున్నా. బ్యాంకు ఖాతా, సిమ్, లైసెన్సు సంగతులు మీ సీనియర్లు చెప్తారు. అవి ఎట్లాగూ అయిపోతాయి. కానివి వేరే ఉన్నాయి.

మొన్న దేవరకొండ పిల్లాడొకడు జ్వరంతో మూడు రోజులు గదిలో పడి ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకురా అంటే, "ఎవరికి చెప్పాలన్నా?" అన్నాడు. అందరితో నవ్వుతూ మాట్లాడే పిల్లాడే! కోపం వచ్చింది, నా మొదటి చలికాలమూ గుర్తొచ్చింది. అప్పుడు నాతో మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కానీ మాటంతా వీసా, రెంట్, ఏ కన్సల్టెన్సీ, ఎంతిస్తున్నారు. ఆదివారం సాయంత్రం మనసు బాగలేకపోతే ఫోన్ చేయడానికి ఒక్కరు లేరు. ఇంటికి చేద్దామంటే అక్కడ ఇంకా తెల్లారి ఉండదు.

దుకాణంలో 'హౌ ఆర్ యూ' అన్నవాళ్లు జవాబు కోసం ఆగలేదని బాధపడకండి. అది పలకరింపు, అంతే.

ఏ ఊరని అడిగితే మాత్రం 'హైదరాబాద్' అని తప్పించుకోకండి. అక్కడితో మాట ఆగిపోతుంది. మీది అటువైపైతే పోచంపల్లి దగ్గర అని చెప్పండి. ఇక్కత్ బట్ట ఇక్కడా చాలామందికి తెలుసు. 1951లో భూమిలేని పేదల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చేసింది ఆ ఊళ్లోనే అని చెప్పండి. ఎందుకిచ్చాడని అవతలివాళ్లు తప్పకుండా అడుగుతారు. తర్వాత వాళ్ల ఊరి సంగతి మీరడగండి, అడిగి వినండి.

ఇక అసలు విషయం. 'ఎప్పుడైనా కలుద్దాం' అని విడిపోవడం మానేయండి. దయచేసి మానేయండి! మన దగ్గర సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పిలవకుండానే నలుగురు చేరుతారు. ఇక్కడ ఎవరూ చెప్పకుండా ఇంటికి రారు. అది పొగరు కాదు, ఇక్కడి పద్ధతి. కాబట్టి రోజు, టైమ్, పని మూడూ చెప్పండి: "శనివారం పదింటికి కూరగాయలకు పోతున్నా, వస్తావా?" కాఫీ షాపులో ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలని టెన్షన్ పడే బదులు కలిసి వండుకోండి, కలిసి లాండ్రీకి పోండి. చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలు ఇంగ్లీషు మాట్లాడుకునే గుంపులు ఉచితంగా నడుపుతాయి, అక్కడికి పోండి. కానీ వారానికో కొత్త గుంపు పట్టుకుని తిరగకండి, ఒక్కచోటికే మళ్లీ మళ్లీ పోండి. బతుకమ్మకు వందల మంది వస్తారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మీరు చివరిదాకా ఉండి కుర్చీలు మడతపెట్టండి. ఆ మిగిలిన పదిమందితోనే మాట కలుస్తుంది.

జ్వరమొస్తే మెసేజ్ పెట్టండి. 'వాళ్లను డిస్టర్బ్ చేస్తానేమో' అనే మొహమాటం ఒకటి మనవాళ్లకు! రేపు వాళ్లకు అవసరమైనప్పుడు మిమ్మల్ని ఏ మొహంతో అడుగుతారు, మీరు వాళ్లను ఏదీ అడగకపోతే?

కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్, కొత్తగా ఊరు మారినవాళ్లనూ కాలేజీలో చేరినవాళ్లనూ అడిగి 2018లో ఒక లెక్క చెప్పాడు. పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటల పైనే కలిసి గడపాలట. కలిసి ఉద్యోగం చేసిన గంటలు అంతగా పనికిరావట. వారానికి మూడు గంటలైతే 200 కావడానికి ఏడాది దాటుతుంది. అంటే దసరాకల్లా ప్రాణస్నేహితుడు దొరకలేదంటే మీలో లోపమేమీ లేదు. ఇంకా గంటలు కాలేదు, అంతే.

పిలిస్తే కొందరు రారు. ఇంకో రెండుసార్లు పిలవండి, మూడోసారీ రాకపోతే వదిలేసి ఇంకొకరిని పిలవండి. మొదటి ఏడాదికి ఒక్కరు కుదిరినా చాలు. కుదురుతారు లెండి, నాకే కుదిరారు.